ప్రామాణిక చలి

తవిటమ్మ తమ్ముడి సంచి సర్దుతోంది. అడుగున ఉన్ని దుప్పటి పెట్టి, దాని మీద రెండు స్వెట్టర్లు పరిచింది. వాటి మడతల్లో మిరియాల పొడి డబ్బా, వాము పొట్లం, ఆయాసం వచ్చినప్పుడు నోట్లోకి కొట్టుకునే మందు ఎక్కడివక్కడ కుక్కింది. పైన మఫ్లరు, మంకీ టోపీ పెట్టాక జిప్పు పడనని మొరాయించింది. మోకాలు పెట్టి నొక్కింది.

"అప్పా, నానేటి హిమాలయాలకెల్తన్నానా? మంచుగెడ్డ కొండకే కదా," అన్నాడు గౌరునాయుడు నవ్వుతూ.

"ఎక్కడికెల్తే ఏటిరా. ఎల్లడం ఎల్లడమే."

ఎవరైనా గడప దాటి వెళ్తుంటే చాలు, తవిటమ్మకి అరచేతులు చల్లబడిపోతాయి. ఆమె బతుకులో చాలామంది అలా మామూలుగానే, నవ్వుకుంటూ, ఆదివారానికల్లా వచ్చేస్తామని చెప్పి మరీ వెళ్ళారు. ఆ లెక్క ఆమె పైకి ఎప్పుడూ తీయదు. సంచులు మాత్రం బరువుగా సర్దుతుంది.

గౌరునాయుడికి నలభై ఏళ్ళ వయసులో తొలిసారి ఒక ఉద్యోగం దొరికింది. ఇచ్చింది విశాఖపట్నంలోని కొండ విడిదుల మండలి. ఆ మండలి కార్యాలయం కింద అంతస్తులో తవిటమ్మ టీ క్యాంటీను నడుపుతోంది. ఆ ఏడాది పెద్దలందరికీ కారవాన్ల మీద ఒక్కసారిగా మోజు పుట్టింది. హోటలు కట్టాలంటే గోడలు కావాలి, గోడలకు టెండర్లు కావాలి, టెండర్లకు ఓపిక కావాలి. కారవాన్‌కి చక్రాలుంటే చాలు. మండలి వెంటనే ఒక చిన్న కారవాన్ కొన్నది. జీపు వెనక తగిలించి లాక్కెళ్ళే తెల్లటి పెట్టె అది. లోపల రెండు పడకలు, ఒక కుళాయి, కంచమంత కిటికీ. మంచుగెడ్డ కొండ మీద సిమెంటు వేదిక కట్టించి, దాని మీద పెట్టారు. దాన్ని రాత్రింబవళ్ళు కనిపెట్టుకుని ఉండే సంరక్షకుడి ఉద్యోగం గౌరునాయుడిది. మార్చి దాకా నిలబడితే పర్మినెంటు చేస్తామన్నారు.

"రాత్తుళ్ళు ఆ పెట్టెలోనే తొంగోవచ్చట అప్పా, అతిథులు లేనప్పుడు. రేపోమాపో హీటరు కూడా పెడతారట. మనింటికన్నా ఎచ్చగుంటాది, నువ్వు దిగులెట్టుకోకు."

బస్సు కదిలాక కూడా తవిటమ్మ చాలాసేపు అక్కడే నిలబడింది. కండక్టరు పేరు అడగలేదే అని బాధపడింది. అడిగి ఏం చేస్తుందో ఆమెకే తెలియదు.

కారవాన్‌లో దిగిన మొదటి అతిథి ఒక పెద్దాయన వియ్యంకుడు. పూర్తిగా తెల్లవారకుండానే పళ్ళు టకటకలాడించుకుంటూ కొండ దిగిపోయాడు. ఆ టకటకలు నేరుగా పెద్దాయన చెవిన పడ్డాయి. మర్నాడే మండలిలో హీటరు ఎంపిక ఉన్నతస్థాయి సంఘం ఏర్పడింది. అధ్యక్షులు మండలి ఎం.డి. పరాంకుశం గారు. సాంకేతిక సభ్యుడు డిప్యూటీ ఇంజనీరు కృపావరం. ఆర్థిక సభ్యురాలు అకౌంట్స్ ఆఫీసరు వేదవతి మేడమ్. టీ తవిటమ్మది.

మొదటి సమావేశంలో కృపావరం ఉత్సాహంగా లేచాడు.

"ఫ్యానున్న హీటరు అయితే చిన్న పెట్టె కాబట్టి చప్పున వేడెక్కుతుంది సార్, కాని గుయ్యిమని మోత. నూనె నింపిన రేడియేటరు నిశ్శబ్దం, కాని బరువు, నిదానం. కడ్డీ హీటరుకి దుప్పటి తగిలితే అంటుకుంటుంది. బోల్తా పడితే దానంతటదే ఆగిపోయే స్విచ్ ఉండాలి, కారవాన్ వైరింగు తట్టుకోవాలి. అంతే సార్. సాయంత్రానికి బజార్లో దొరుకుతుంది."

తవిటమ్మ కప్పులు అందించడం మొదలుపెట్టింది.

"ఆ చివరి మాట మినిట్స్‌లో రాయకండి," అన్నారు పరాంకుశం గారు. "సాయంత్రానికి దొరికితే దాన్ని కొనుక్కోవడం అంటారు కృపావరం గారూ. మనల్ని కొనమనలేదు, ఎంపిక చెయ్యమన్నారు. ఎంపిక అనేది ఒక ప్రక్రియ."

వేదవతి మేడమ్ కళ్ళద్దాలు సర్దుకుంది. "ఉత్తర్వులో 'పోర్టబుల్ హీటరు' అని ఉంది సార్. అంటే మోయదగినది. ఎవరు మోయదగినది? కూలీయా, అతిథా? ఆడిట్ వాళ్ళు తప్పకుండా అడుగుతారు."

సగటు అతిథి మోయదగినది అని తీర్మానించారు. సగటు అతిథి అంటే వయసులోనూ హోదాలోనూ ఎలా ఉంటాడో చాలాసేపు చర్చించాక, ఆ లక్షణాలన్నీ పరాంకుశం గారిలోనే ఉన్నాయని తేలింది. ఆయన కోటు విప్పి, నమూనాగా తెప్పించిన నూనె రేడియేటరును రెండు చేతులా ఎత్తుకుని, వరండా చివరిదాకా మోసుకెళ్ళారు. వెనక్కి ఆయన్ని మరో నలుగురు మోసుకొచ్చారు. నడుం పట్టు వదిలేదాకా సంఘం వాయిదా పడింది.

కొండ మీద చలి వాయిదా పడలేదు.

మళ్ళీ కూర్చున్నప్పుడు పరీక్షల మాట వచ్చింది. విద్యుత్ పరికరం ఏదైనా ధ్రువీకరించిన స్థలంలోనే పరీక్షించాలని మండలి నిబంధన. అలాంటి స్థలం మండలికి ఒక్కటే ఉంది. అది విశాఖలో, సముద్రానికి కూతవేటు దూరంలో, ఈ కార్యాలయం పెరడు. దాని ధ్రువపత్రం అద్దం కట్టించి గోడకు తగిలించి ఉంది. కాబట్టి కారవాన్‌ని కొండ దించి పెరట్లోకి తేవాలని నిర్ణయించారు.

తవిటమ్మ చేతిలో పళ్ళెం ఆగిపోయింది. "మరి మా తమ్ముడో బాబూ? ఆడూ దిగొచ్చేస్తాడా?"

పరాంకుశం గారు ప్రసన్నంగా నవ్వారు. "అతని పోస్టు కారవాన్‌కి మంజూరు కాలేదమ్మా, స్థలానికి మంజూరైంది. కారవాన్ అధికారిక పర్యటన మీద వస్తుంది. అతను స్థలాన్ని కాపాడుతూ ఉంటాడు."

"స్థలాన్నెవరెత్తుకెల్తారు బాబూ?"

"ఎవరూ ఎత్తుకెళ్ళకపోవడమే సమర్థ నిర్వహణకు నిదర్శనం."

ఆ విధంగా కారవాన్ కొండ దిగింది. గౌరునాయుడు ఖాళీ సిమెంటు వేదిక మీద, కర్రలకు కట్టిన టార్పాలిన్ కింద మిగిలాడు.

కింద గూడెంలో మనుషులున్నారు, ఇళ్ళల్లో పొయ్యిలున్నాయి. కాని మండలి ఆ మధ్యనే ఉద్యోగులందరి ఫోన్లలో ముఖ హాజరు పెట్టింది. రాత్రి కాపలా వాళ్ళు గంటకోసారి ఫోను ముందు ముఖం పెట్టాలి. నిలబడాల్సిన చోటు దాటి పది గజాలు పోయినా గైర్హాజరే. మూడు గైర్హాజర్లయితే ఉద్యోగం పోతుంది.

"గూడెంలో సోములమ్మ వాళ్ళింట్లో పొయ్యికాడ తొంగోమంటన్నారు అప్పా," అన్నాడు ఫోన్లో. మాట మాటకీ మధ్య ఈల వినిపిస్తోంది. "నాలుగడుగులేస్తే ఫోను ఎర్రగా అయిపోయి అరుస్తాది. నాకన్నా దానికే ఎక్కువ బయ్యం."

"టోపీ ఎట్టుకుంటన్నావా?"

"ఎట్టుకుంటన్నాను. గంటకోపాలి తీస్తన్నాను. టోపీ, మఫ్లరూ ఉంటే ఆ యంత్రం నన్ను పోల్చుకోదు. 'ముఖం లేదు' అంటాది."

"మానెయ్యరా. వచ్చెయ్. క్యాంటీన్లో కూకుందువు."

"నీ గిన్నెలు కడగమంటావేటి? ఇన్నాళ్ళకి నా పేరున ఒక ఉజ్జోగమొచ్చింది. మార్చి ఎల్లనీ అప్పా. ఆ పెట్టె తిరిగొచ్చేస్తే సాలు, నాకింకేటీ అక్కర్లేదు. నువ్వక్కడే ఉన్నావు కదా, ఆలని తొందరెట్టు."

అప్పటి నుంచి తవిటమ్మ హాజరు విభాగానికే ముందు టీ తీసుకెళ్ళేది. అక్కడి గుమాస్తా హుస్సేన్ కంప్యూటరు తెర ఆమె వైపు తిప్పేవాడు. తెర నిండా తమ్ముడి ముఖాలు వరసగా ఉండేవి. టోపీ లేని తల, దొప్పల్లా నిక్కిన చెవులు, వెలుగుకి చికిలించిన కళ్ళు, నోటి ముందు పొగలాంటి ఊపిరి. కొన్నింటి మీద ఎర్ర గీత ఉండేది.

"ఇయ్యేటి బాబూ?"

"ఊపిరి పొగ అడ్డొచ్చి ముఖం సరిగా పడలేదంట పిన్నీ. నేను దిద్దేస్తున్నాలే. ఫొటో తీసేటప్పుడు ఊపిరి బిగబట్టమని చెప్పు."

ఆయాసం మనిషికి ఆ మాట ఎలా చెప్పాలో తెలియక తవిటమ్మ చెప్పలేదు.

ఒకరోజు పరాంకుశం గారు అటుగా వచ్చి తెర చూశారు. "భేష్. నవ్వుతున్నాడు. క్షేత్రస్థాయి సిబ్బందిలో సంతృప్తి బాగుందే!"

"అది నవ్వు కాదు బాబూ. పళ్ళు కొట్టుకుంటన్నాయి."

"ఫొటోలో శబ్దం రాదు కదమ్మా."

"ఆ టోపీ అయినా ఉంచుకోనియ్యండి బాబూ. టోపీ ఎట్టుకున్నా ఆడు ఆడే. నాను పోల్చుకుంటాను. రోజూ పొద్దున్నే వచ్చి, ఈడే మా తమ్ముడని సంతకం ఎట్టమంటే ఎడతాను."

ఆయన నిజంగానే కాసేపు ఆలోచించారు. కఠినాత్ముడేం కాదు. "నువ్వు యంత్రానివి కావు కదమ్మా," అన్నారు చివరికి, జాలిగా.

పెరట్లో మొదటి పరీక్ష జరిగింది. కారవాన్ తలుపు వేసుకుని సంఘం లోపల కూర్చుంది. ఏడు కంపెనీల హీటర్లు వరసగా పెట్టారు. మధ్యాహ్నపు ఎండకి రేకు కాలుతోంది. స్విచ్చులు వేస్తే ఆరు హీటర్లు పలకలేదు. ఏడోది, కడ్డీలది, ఎర్రగా వెలిగింది. సంఘం చెమటలు కక్కుకుంటూ బయటపడి, 'అతిథులకు అసౌకర్యం' అని రాసి దాన్ని తిరస్కరించింది.

"మిగతావి పాడయినవి కావు సార్," అన్నాడు కృపావరం చొక్కా పిండుకుంటూ. "చలిగా ఉంటేనే వెలుగుతాయి. ఇక్కడ చలి లేదు."

పక్కనే మజ్జిగ పోస్తున్న తవిటమ్మ ఉండబట్టలేకపోయింది. "సలున్నకాడికే అట్టుకెల్లిపోతే సరిపోదా బాబూ? పెట్టె కూడా ఆడికే సేరిపోద్ది."

అందరూ పరాంకుశం గారి వైపు చూశారు. ఆయన గ్లాసు దించారు.

"కొండ మీద చలికి ధ్రువపత్రం ఏదమ్మా? ఒకరోజు ఎక్కువ, ఒకరోజు తక్కువ. దాని నాణ్యతకు హామీ ఇచ్చే అధికారి ఎవరు? రేపు హీటరు విఫలమైతే తప్పు హీటరుదా, చలిదా? మనకు కావలసింది ప్రామాణిక చలి. దాన్ని ఇక్కడే ఉత్పత్తి చెయ్యాలి."

ప్రామాణిక చలి చేపల రేవులోని ఐసు ఫ్యాక్టరీ నుంచి వచ్చింది. లారీడు దిమ్మలు దింపి కారవాన్ పడకల మీద, కింద, కుళాయి తొట్టిలో పేర్చారు. దిమ్మలతోపాటు రొయ్యల వాసన, ఆ వాసన వెంట పేటలోని పిల్లులన్నీ వచ్చాయి. సంఘ సభ్యులు మండలి ఖర్చుతో కొన్న ఉన్నికోట్లు, చేతి తొడుగులు, మంకీ టోపీలు వేసుకుని ఎండలో బారులు తీరి లోపలికి వెళ్ళారు. ముఖ హాజరు నుంచి ఆ రోజుకి వాళ్ళకి మినహాయింపు ఇచ్చుకున్నారు, టోపీలు తీస్తే పడిశం పట్టే ప్రమాదం ఉందని.

ఫ్యాను హీటరు పెట్టగానే వెలిగింది. అరగంటలో లోపల హాయిగా ఉంది. ఐసు కరిగి గుమ్మంలోంచి కాలవ కట్టింది. కృపావరం తలుపు తెరిచి, "అద్భుతం సార్! ఇదే!" అని అరిచాడు. తవిటమ్మకి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. రేపు పెట్టె కొండెక్కేస్తుందనుకుంది.

"ఐసు ఏదీ?" అంది వేదవతి మేడమ్.

"కరిగింది మేడమ్."

"ఎవరి అనుమతితో? ఆ ఐసు మండలి నిధులతో కొన్నది. స్టాకులో ఎక్కింది. అది మండలి ఆస్తి. ఈ హీటరు మండలి ఆస్తిని మన కళ్ళముందే నాశనం చేసింది. ఇలాంటి పరికరాన్ని సిఫారసు చేస్తూ నేను సంతకం పెట్టలేను."

"మేడమ్, హీటరు అన్నాక కరిగించకుండా..."

"మీరు ఇంజనీరు, నిప్పు సంగతి చూసుకోండి. నేను నీళ్ళ సంగతి జవాబు చెప్పుకోవాలి."

పరాంకుశం గారు ఉన్నికోటు లోపలి నుంచే తీర్పు చెప్పారు. ఇద్దరి మాటలోనూ న్యాయం ఉంది. కాబట్టి ప్రామాణిక చలిని ఏ హీటరు ఎక్కువ కాపాడితే దానికి ఎక్కువ మార్కులు. పరీక్ష తరవాత మిగిలిన ఐసు తూకం వేసి, దాన్నిబట్టి హీటర్లకు ర్యాంకులు ఇవ్వాలి.

రోజుకొక హీటరు, లారీడు ఐసు. కారవాన్ కింద నేల నానిపోయి ఒక చక్రం దిగబడింది. పెట్టె పక్కకి ఒరిగింది. ఆ రోజు నూనె రేడియేటరు వంతు. పరాంకుశం గారి నడుం పట్టించిన మహానుభావురాలు అదే. లోపల పెట్టగానే, నేల వాలుగా ఉంది కాబట్టి, తాను బోల్తా పడ్డానని దాని స్విచ్ నమ్మేసింది. వెలగనే లేదు. సాయంత్రం తూకం వేస్తే మిగిలిన ఐసు అన్ని రోజులకన్నా ఎక్కువ. కరెంటు ఖర్చు సున్నా. మోత సున్నా. అగ్ని ప్రమాదం సున్నా.

"ఏకగ్రీవంగా," అన్నారు పరాంకుశం గారు. ముక్కు కొస ఎర్రబడింది, మాట వణుకుతోంది. "లోపల ఎంత చలిగా ఉందో చూశారా! ప్రామాణిక చలికి రవ్వంత హాని జరగలేదు."

"కాని సార్, పోర్టబుల్..." అని గొణిగాడు కృపావరం. "తమరే మొయ్యలేకపోయారు..."

"కారవాన్‌లో పెట్టాక కారవానే కదులుతుంది కదండీ. లోపలున్నది కదలనక్కర్లేదు."

తవిటమ్మ ఆ సాయంత్రం తమ్ముడికి ఫోను చేసింది. మాటకన్నా ఈలే ఎక్కువ వినిపించింది.

"తేలిందా అప్పా?"

"తేలింది నాయినా. ఏదో ఒకటి తేలింది. పెట్టె వచ్చేస్తాది. నాను రేపే బస్సెక్కి వచ్చి నిన్నట్టుకొచ్చేస్తాను. ఉజ్జోగం సంగతి తరవాత సూద్దాం. ఇంక నా మాటిను."

"రా అప్పా," అన్నాడు. ఎన్నడూ లేనిది, ఎదురు చెప్పలేదు.

ఆమె సెలవు అడగడానికి పైకి వెళ్ళింది. పరాంకుశం గారు రెండు చేతులూ జోడించినంత పని చేశారు.

"గురువారం హీటరు ప్రారంభోత్సవం తవిటమ్మా. ముఖ్య అతిథి వస్తున్నారు. అందరికీ టీ టిఫిన్లు నువ్వు కాక ఎవరు చూస్తారు? ఒక్కరోజు ఆగు. ఉత్సవం అవగానే జీపు కారవాన్‌ని లాక్కుని కొండెక్కుతుంది. నువ్వు బస్సులో పడి వెళ్ళడం ఎందుకు, ఆ జీపులోనే ముందు సీట్లో కూర్చో. నీ చేతులతోనే మీ తమ్ముడికి కారవాన్ అప్పగిద్దువు గాని."

ఒక్కరోజు ఆలస్యమైనా జీపు నేరుగా కొండ మీదికే వెళ్తుంది. పెట్టె కూడా వెంట ఉంటుంది. ఆలోచించి, సరే అంది తవిటమ్మ.

గురువారం పొద్దున పెరట్లో షామియానా వేశారు. ఒరిగిన చక్రం కింద ఇటుకలు పెట్టి పెట్టెని నిలబెట్టారు. ముఖ్య అతిథి గౌరవార్థం లోపల మళ్ళీ ఐసు నింపారు. తవిటమ్మ పెందరాళే ఇడ్లీలు దింపి, ఉప్మా కలియబెట్టి, వంద కప్పులు తుడిచి పెట్టింది. చీర మార్చుకుని, జీపు డ్రైవరుకి అందరికన్నా ముందు టీ ఇచ్చి, తనని మర్చిపోవద్దని రెండుసార్లు చెప్పింది.

ముఖ్య అతిథి రిబ్బను కత్తిరించారు. లోపలికి వెళ్ళి హీటరు మీద చెయ్యి పెట్టి చూసి, చల్లగా ఉందని మెచ్చుకున్నారు. పరాంకుశం గారు మైకు ముందుకు వచ్చారు.

"కొండకోనల్లో సైతం ఒక్క ప్రాణికి చలి సోకకూడదన్న సంకల్పంతో మన మండలి చేసిన ఈ మహా ప్రయత్నంలో..."

హుస్సేన్ టీ బల్ల దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. తవిటమ్మ కప్పు అందిస్తే తీసుకోలేదు.

"పిన్నీ," అన్నాడు. "తెల్లారగట్ట నుంచి ఫొటోలు రావట్లేదు. గూడెంకి ఫోను చేశాను. సోములమ్మ ఎత్తింది."

ఆమె అతని ముఖం చూసింది. కప్పు బల్ల మీద పెట్టి, చేతులు కొంగుకి తుడుచుకుంది. వెనక చప్పట్లు మోగాయి.

కారవాన్ అనుకున్న ప్రకారం ఆ మధ్యాహ్నమే కొండెక్కింది. స్థలానికి వేరే సంరక్షకుణ్ణి వేశారు. ఎంపిక ప్రక్రియను మిగతా మండలులు ఆదర్శంగా తీసుకోవాలని పైనుంచి అభినందన వచ్చింది. గురువారం తెల్లవారుజాము నుంచి అనుమతి లేకుండా విధులకు ఎందుకు గైర్హాజరయ్యాడో వారంలోగా సంజాయిషీ ఇవ్వాలని గౌరునాయుడి పేరున ఒక మెమో క్యాంటీన్‌కి వచ్చింది.

గూడెం వాళ్ళు అతన్ని డోలీ కట్టి కిందికి మోసుకొస్తుంటే, రోడ్డు చేరకముందే దారిలో ఊపిరి ఆగిపోయింది. గౌరునాయుడు తిరిగి రాలేదు. పుష్యమాసం ఆఖరి గురువారం, ఉదయం పూట.